పద్నాలుగో రోజు రంగు

ఫిబ్రవరి 3

అక్కా,

ఫోనుండగా ఈ ఉత్తరాలేంటని తిట్టుకోకు. నీ ఫోను నెలరోజులుగా మూగబోయింది. పైగా దీంతోపాటు కాగితాలు కూడా పంపాలి.

నిన్న క్లాసులో మూడో వరసలో ఒకడి చెంప పగలగొట్టబోయి ఆగాను. కమిలిన గాయం చూపించి ఇదేంట్రా అంటే "కాలిన గాయం సార్" అన్నాడు. రేపు వీడు శవపరీక్ష చేసి, కోర్టులో బోనెక్కి సాక్ష్యం చెప్తాడట! చేతిలో పుస్తకం లాక్కుని చూద్దును కదా, జిరాక్సు. అందులో ప్రతి గాయమూ బొగ్గులా నల్లగానే ఉంది. అరవైమందిలో అసలు పుస్తకం కొన్నది నలుగురు. రంగు ఫొటోలు వేశామని చెప్పి ఒక నెల హాస్టలు భోజనమంత వెల పెట్టారు ఆ పుణ్యాత్ములు. పిల్లల్ని తిట్టి ఏం లాభం?

అందుకే నేనే రాస్తున్నా. రంగు ఫొటో ఒక్కటీ ఉండదు. మామూలు కాగితం, నల్ల సిరా, టీ మానేస్తే కొనుక్కోగలిగే వెల. కాలేజీ పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థకి వెళ్ళి ఎడిటరమ్మని కలిశాను. ప్రతిపాదన రాసిమ్మంది. ఎవరు చదువుతారు, ఉన్న పుస్తకాలకి వచ్చిన రోగమేంటి, ఒక నమూనా అధ్యాయం. దాన్ని బయటి నిపుణులు చదివి సరేనంటేనే ముందుకట. అంతా విని చల్లగా ఒక్క ప్రశ్న వేసింది. "రంగు ఫొటో లేకుండా దెబ్బ తగిలి ఎన్నాళ్ళయిందో ఎలా చెప్తారు డాక్టరు గారూ?" మాటల్తో చెప్తానని మీసం మెలేసి వచ్చాను. ఇంటికొచ్చి కూర్చుంటే ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, అక్కడితో నా పాండిత్యం సరి.

పద్దెనిమిదేళ్ళుగా రంగుల షాపులో రంగులు కలుపుతున్నావు. ఎవరో చిన్న దారప్పోగు తెస్తే దానికి సరిపోయే గోడ రంగు కలిపిచ్చే దానివి. నాకు నీ కన్ను అప్పు కావాలి. శవాలతో ఈ పని కుదరదు, మనిషి పోగానే గాయం రంగు మారడం కూడా ఆగిపోతుంది. బతికున్నవాళ్ళ ఒంటిమీదే రోజుకో రంగు. షాపులో ఎవరి మీదైనా డబ్బా పడితే రోజూ చూసి రాసి పంపు. పట్టిక గీసి పెట్టాను. ఎన్నో రోజు, ఒంటి మీద ఎక్కడ, ఏ రంగు.

మన పిడుగు చదువుతున్నాడా అని నేనడిగానని చెప్పు. ఇదే సబ్జెక్టు మూడుసార్లు తప్పాడంటే తప్పు నా మేనల్లుడిది కాదు, ఆ దిక్కుమాలిన పుస్తకానిది. నాలుగోసారి నా పుస్తకంతో గట్టెక్కుతాడు. బావ లారీ దిగితే అడిగానను.

నీ కోపిష్టి తమ్ముడు

ఫిబ్రవరి 15

తమ్ముడూ,

ఇకమీద ఇంటికి కాదు, షాపుకి రాయి. పోస్టతను ఎవరు ఎదురైతే వాళ్ళ చేతిలో పెట్టి పోతున్నాడు. ఫోను గోడకి తగిలి పగిలింది. బాగు చేయించాలి.

నీ అదృష్టం బాగుంది. మొన్న మెట్ల మీద పడ్డాను. ఎడమ జబ్బ కమిలింది. మెంతులు అడిగితే దుకాణమే ఇంటికొచ్చినట్టయింది నీకు. అద్దం ముందు నిలబడి రాసుకున్నాను. ఇవన్నీ తెల్ల రంగు డబ్బాలో వేసే చుక్కల లెక్క. నాకు ఆ భాషే వచ్చు.

మొదటి రోజు, ఎడమ జబ్బ. కొత్త ఇటుకని తడిపితే వచ్చే ఎరుపు. ఎరుపు నాలుగు చుక్కలు, నీలం ఒకటి. రెండో రోజు అక్కడే. తొడిమ దగ్గరి వంకాయ రంగు. ఎరుపు రెండు, నీలం మూడు. మూడో రోజు వంకాయ నడుము రంగు. పైదాంట్లో నలుపు ఒక చుక్క కలుపు. అంచు మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.

మీ బావ పన్నెండు రోజులుగా రోడ్డు మీదే. నీ ఉత్తరం పిడుగుకి చదివి వినిపించాను. విన్నాడు.

నువ్వు తిన్నావా? కోపమొచ్చినప్పుడు తినవు. అది చిన్నప్పటి రోగం.

అక్క

ఫిబ్రవరి 22

అక్కా,

నీ నోట్లో పంచదార పొయ్య! చుక్కల లెక్క చూసి మా డిపార్టుమెంటంతా నోరు తెరిచింది. అటెండరు చేత రంగులు తెప్పించి క్లాసులో కలిపించాను. చెంపదెబ్బ తప్పించుకున్నాడే, వాడే ముందు లేచి "రెండో రోజు సార్" అన్నాడు. వెధవని కావలించుకున్నాను.

ఇంతకీ ఆ పడేదేదో కాస్త చూసుకుని పడు. మెట్లంటే గుర్తొచ్చింది. నిన్న ఒక మనిషిని మోసుకొచ్చారు. పుర్రె పగిలింది, మూడు పక్కటెముకలు లోపలికి పొడుచుకున్నాయి. అన్నదమ్ములు నలుగురూ ఒకటే పాట, మెట్ల మీంచి పడ్డాడని. బోర్లా తిప్పి చూస్తే వీపు మీద రెండేసి గీతలు, పక్కపక్కనే, రైలు పట్టాల్లాగా, మధ్యలో తెల్లగా. ఏ మెట్లు కొడతాయి అలా? రాడ్డు దెబ్బలవి. నాలుగోవాడి చొక్కా పట్టుకుని గోడకి నొక్కాను. కానిస్టేబులు విడిపించకపోతే వాడికి కూడా నేనే శవపరీక్ష చేసేవాణ్ణి.

నాలుగో రోజు నుంచి పంపు. పిడుగుతో చెప్పు, అధ్యాయం చివర ప్రశ్నలు వాడే రాయాలి. తప్పినవాడికే తెలుస్తుంది ఎక్కడ తప్పుతారో. ముందుమాటలో పేరు వేస్తా. ఎనిమిదేళ్ళప్పుడు పక్కింటివాడి ముక్కు బద్దలుకొడితే భుజానెక్కించుకుని వీధంతా తిప్పి, పిడుగని పేరు పెట్టింది నేను. వాడికి ఓటమేంటి, నాన్సెన్స్!

తమ్ముడు

మార్చి 9

తమ్ముడూ,

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు. ఎడమచేత్తో రాస్తున్నా. కుడిచేతి వేళ్ళు రెండు తలుపు సందులో పడ్డాయి. షాపు ఓనరు పాపం కట్టు కట్టించాడు. డబ్బా మూతలు తియ్యలేకపోతున్నా గాని, రంగు చూడ్డానికి వేళ్ళెందుకు?

నాలుగో రోజు, కుడి ముంజేయి. వంకాయలో తుప్పు కలిసినట్టు. మూడో రోజుదాంట్లో ఎరుపు తగ్గించి గోధుమ రంగు రెండు చుక్కలు. ఆరో రోజు, వీపు, కుడి పక్క. రెండద్దాలు పెట్టుకుని చూశా. నిలవ ఉన్న పెసరపప్పు పొట్టు రంగు. ఆకుపచ్చ రెండు, గోధుమ ఒకటి. పదో రోజు, ఎడమ పిక్క. ఎండకి పెట్టిన పాత పేపరు పసుపు. పసుపు ఒకటిన్నర, గోధుమ అర.

పద్నాలుగో రోజు గడి ఖాళీగా వదిలేశాను. అది నేను చూళ్ళేదు.

ఒక మాట అడుగుతా. మా షాపుకి వచ్చే ఒకావిడకి తొడ మీద నువ్వు చెప్పిన పట్టాల్లాంటి గీతలున్నాయి, సన్నగా. రాడ్డు కాదేమో. ఏమయ్యుంటుంది? అట్లాంటివి ఆవిడకి ముందు ముందు ఏమైనా చేస్తాయా?

పిడుగుతో ప్రశ్నల మాట చెప్పాను. రాస్తానన్లేదు.

అక్క

మార్చి 16

అక్కా,

సన్నగా ఉంటే కరెంటు వైరు. చూడకుండానే చెప్పగలను. తొడ మీద దెబ్బకి ప్రాణం పోదు గాని, ఆ చెయ్యి అక్కడితో ఆగదని చెప్పు. ఇవాళ తొడ, రేపు తల. నేను చూసేవాళ్ళంతా ఒకరోజు తొడ దగ్గర మొదలైనవాళ్ళే. ఎవడో అడుగు. ఆవిడ భయపడితే నా అడ్రసివ్వు, వాడి మోచెయ్యి వెనక్కి మడిచి ఎన్ని ముక్కలవుతుందో క్లాసుకి చూపిస్తా.

ఇక్కడ కూడా యుద్ధమే. పోయిన వారం అత్యవసర విభాగంలో రోగి పోయాడని ముప్ఫైమంది పడ్డారు. కుర్చీలు, సెలైను స్టాండ్లు, ఏది దొరికితే అది. ఒక నర్సు దవడ విరిగింది. నా నుదుటికి ఆరు కుట్లు. అద్దంలో రోజూ నా నుదుటి రంగు చూసుకుంటున్నా, నీ పట్టికతో అచ్చుగుద్దినట్టు సరిపోతోంది. కుట్ల నొప్పి మర్చిపోయి ఎగిరి గంతేశాను.

ప్రతిపాదన పంపేశాను, అధ్యాయం కాపీ ఒకటి దీంతో నీకు పెట్టాను. నీ పట్టిక ఒక్క అక్షరం మార్చకుండా, ఎక్కడెక్కడ అన్నది కూడా నువ్వు రాసినట్టే. మెట్ల మీద పడ్డ ఒకావిడ ఇచ్చిన కొలతలని కింద రాశాను. పద్నాలుగో రోజు గడి ఖాళీ చూసి ఎడిటరమ్మ సతాయిస్తోంది. కాస్త ఓపిక పట్టి చూడొచ్చుగా? అధ్యాయం మొదటి వాక్యం విను, నాకే ముద్దొస్తోంది. "గాయం ఆయుధం పేరు చెప్తుంది. చెయ్యి ఎవరిదో చెప్పదు." ఎలా ఉంది?

పిడుగు ప్రశ్నలు రాయకపోతే నేనే వచ్చి చెవి మెలేస్తానను. ఆ మాట ఇలాగే చదివి వినిపించు.

తమ్ముడు

ఏప్రిల్ 1

తమ్ముడూ,

వాక్యం బాగుంది.

కొన్నాళ్ళు పిడుగుకి కబుర్లు పంపకు. చదువుకోనీ. నాలుగు రోజులు షాపుకి వెళ్ళలేదు, అందుకే ఆలస్యం. ఇప్పుడు ఫర్వాలేదు. ఎడమ చెవి కొంచెం తక్కువ వినిపిస్తోంది. గోడవైపు తిరిగి పడుకుంటే హోరు తెలీదు.

నీ కుట్లు విప్పారా?

అక్క

ఏప్రిల్ 21

అక్కా,

ఈ ఉత్తరం రాస్తున్నది కోపంతోనే, ఇంకేం కాదు.

ఎడిటరమ్మ ఫోన్ చేసి రమ్మంది. నమూనా అధ్యాయం చదివింది రిటైరైన ఒక పెద్ద డాక్టరమ్మ. పుస్తకం వెయ్యొచ్చు, మంచి పుస్తకం, పేదపిల్లలకి మేలు అని రాసింది. కింద చేత్తో ఇంకో మాట రాసింది. అది నీకు పొల్లుపోకుండా ఎత్తి రాస్తున్నా.

"పట్టికలో జబ్బ, ముంజేయి, వీపు, పిక్క ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో వయసుది. ఒకసారి పడ్డ మనిషికి ఇలా ఉండదు. ముంజేతి దెబ్బ తలకి అడ్డం పెట్టుకున్నప్పటిది. పద్నాలుగో రోజు ఖాళీగా ఎందుకుందో రచయితకి తెలుసా? ఆ రోజు వచ్చేలోపే కొత్తది పడుతోంది కాబట్టి. ఈ కొలతలిచ్చిన ఆవిడ ఇప్పుడెక్కడుంది? బతికే ఉందా?"

ఇరవైరెండేళ్ళుగా గాయాలు చదివి జీతం తీసుకుంటున్నాను అక్కా. నా సొంత అక్క తన ఒళ్ళంతా నాకు రాసి పంపితే భేష్ అన్నాను. క్లాసులో కలిపించాను!

వస్తానంటే వద్దంటావని చెప్పలేదు. నిన్న వచ్చాను. నీ దగ్గరికి కాదు, లారీల యార్డుకి. నీ మొగుడు టైరు గాలి చూస్తున్నాడు. ఎందుకని అడగలేదు, చెప్పలేదు. మొదటి దెబ్బకే పళ్ళు నా పిడికిలికి తగిలాయి. కిందపడ్డాక కూడా ఆపలేదు. డొక్కలో తన్నాను. క్లీనరు కర్ర తెచ్చి అడ్డంపడితే అదే కర్ర లాక్కుని... సరే, అది రాయను. ఆ పిరికి వెధవ ఒక్క మాట మాట్లాడలేదు. చెయ్యెత్తలేదు. ఆడదాని మీద ఎత్తిన చెయ్యి మగాడి మీదకి లేవదని అప్పుడే అర్థమైంది. మళ్ళీ నిన్ను ముట్టుకుంటే చంపేస్తానని చెప్పి వచ్చాను. ఇప్పుడు కొంచెం ప్రాణం కుదుటపడింది.

బట్టలు సర్దుకో. పిడుగుని వెంటబెట్టుకుని వచ్చెయ్యి. నీకు తోడు వాడున్నాడు, అదొక్కటే ధైర్యం.

నీ తమ్ముడు

ఏప్రిల్ 27

ఒరేయ్,

నీ ఉత్తరం మొన్న షాపులో నిలబడి చదివాను. చేతిలో డబ్బా కిందపడి కాళ్ళనిండా పచ్చరంగు.

మీ బావ నన్ను కొట్టడమా! ఇరవయ్యారేళ్ళలో ఆయన నా మీద గొంతు కూడా ఎత్తలేదు. నీ వాక్యం నువ్వే మర్చిపోయావురా. గాయం ఆయుధం పేరు చెప్తుందన్నావు, చెయ్యి ఎవరిదో చెప్పదన్నావు. మరి నీకెవడు చెప్పాడు?

పిడుగు. నా కొడుకు. నీ భుజాల మీద ఊరేగినవాడు.

ఏడాదిగా. మూడోసారి తప్పాక మొదలైంది. మొదట కంచాలు, తర్వాత ఫోను, తర్వాత నేను. నీ ఉత్తరం చదివి వినిపించిన రోజున జబ్బ. "మామయ్య దగ్గర నా పరువు తీస్తున్నావా" అన్నాడు. ప్రశ్నలు రాయమన్నావని చెప్పిన రోజున ముంజేయి, ఆ తర్వాత వీపు. వేళ్ళు తలుపు సందులో వాటంతటవి పడలేదు. చెవి మెలేస్తానన్నావే, ఆ ముక్క వినిపించలేదు, ఉత్తరం నా సంచిలోంచి లాక్కుని వాడే చదువుకున్నాడు. ఎవరి చెవి మెలేసేది అని నా చెవి మీద కొట్టాడు. నిన్ను తప్పుపట్టడం లేదు. నీకు తెలీదు. నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటావా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నీకు చెప్తే వాణ్ణి చంపేస్తావు. చెప్పకపోతే వాడు నన్ను చంపుతాడు. రెండింట్లో నాకు రెండోదే తేలిగ్గా కనబడింది. మీ బావకి రెండు నెలల క్రితం తెలిసింది. అడ్డం వెళితే ఆయన్నీ తోసేశాడు. ఆ రోజు నుంచి దూరం బాడుగలు మానుకుని దగ్గరవే ఒప్పుకుంటున్నాడు, నన్ను ఒంటరిగా వదలకూడదని. యార్డులో నీకెదురు మాట్లాడలేదంటే పిరికితనం కాదు. నోరు తెరిస్తే కొడుకు పేరు చెప్పాలి. దానికంటే నీ తన్నులు తినడమే నయమనుకున్నాడు.

లోడు మీద ఉన్నానని కబురుపెట్టి ఆయన ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో ఉన్నాడట, నిన్న ఇంటికొచ్చాడు. ముందు పళ్ళు రెండు లేవు. నోట్లో గుడ్డ కుక్కుకుని కుర్చీలో కూర్చున్నాడు. పిడుగు సంగతి కనుక్కుని నవ్వాడు. "మామయ్య గట్టోడే. నాకు నేర్పింది ఆయనేగా" అన్నాడు. ఎంత సరదాగా అన్నాడో! నాకప్పుడు మన నాన్న బెల్టు గుర్తొచ్చింది. నాన్న చెయ్యి నీకొచ్చింది, నీ చెయ్యి వాడికొచ్చింది. మధ్యలో ఒళ్ళు మాత్రం ఎప్పుడూ నాదే.

నవ్వకురా అన్నాను. అంతే. వైరు తీశాడు. కుడి భుజం మీద పడింది. ఆయన ఆ నోటితోనే లేచి వాణ్ణి వెనకనుంచి వాటేసుకుని, "పో, నువ్వు పో" అని నాతో అరిచాడు. వాడు తలతో వెనక్కి గుద్దుతున్నాడు. ఆ చప్పుడు ఇంకా వినిపిస్తోంది, బాగున్న చెవిలో.

పోయాను. నువ్వు పంపిన నమూనా అధ్యాయం కాపీ పట్టుకుని చెప్పుల్లేకుండా స్టేషనుకి పోయాను. అక్కడాయన నా భుజం చూసి, "ఎవరు కొట్టారమ్మా, మీ ఆయనేనా?" అన్నాడు. నీలాగే. కాదు, నా కొడుకు అన్నాను. కన్నదాన్ని, నా నోటితోనే చెప్పాను. రుజువేంటి, ఎప్పటినుంచి అన్నాడు. పట్టిక ఇచ్చాను. ప్రతి గడికీ తేదీ వేసి, సంతకం పెట్టాను, ఎడమచేత్తో.

వాణ్ణి తీసుకెళ్ళారు. వెళ్తూ "అమ్మా" అన్నాడు. ఏడాదిలో అదే మొదటిసారి.

నువ్వు రాకు. నీ చెయ్యి ఇప్పుడు నాకొద్దు.

అక్క

మే 3

అక్కా,

నాలుగు కాగితాలు చించాక ఇది ఐదోది.

రావద్దన్నావు కాబట్టి రాలేదు. బావకి విడిగా ఉత్తరం రాశాను. దాన్ని ఆయన చించినా సరే, చదివినా సరే. స్టేషనుకి కూడా ఒకటి రాశాను, యార్డులో ఆయన్ని కొట్టింది నేనని, కేసు పెట్టుకోమని. క్లాసులో మాత్రం చెయ్యెత్తడం మానేశాను. ఇంతకు ముందు ఎంత తరచుగా ఎత్తేవాణ్ణో నాకే తెలీదు, పిల్లలు తల వంచుకోవడం చూశాక తెలిసింది.

ఎడిటరమ్మ ఒప్పందం పంపింది. మనం అనుకున్న వెలకే వేస్తారట. నేను సంతకం పెట్టలేదు. ఆ పట్టిక నీ ఒళ్ళు. నువ్వు వద్దంటే అధ్యాయం తీసేస్తా, పుస్తకమే మానేస్తా. ఉంచమంటే నీ పేరు నా పేరు పక్కన ఉంటుంది, నా పేరు కంటే ముందు.

పిడుగని పేరు పెట్టింది నేను. ఆ ఒక్క గాయం కింద ఏ నిపుణుడూ రాయకపోయినా చెయ్యి నాదే.

తమ్ముడు

మే 10

తమ్ముడూ,

పుస్తకం మానేస్తే ఊరుకోను. ఆ మూడో వరస కుర్రాడు రేపు నాలాంటిదాన్ని చూసి "కాలిన గాయం" అంటే ఎవరు దిక్కు? వెల ఒక్క పైసా పెంచనివ్వకు. నా పేరు అక్కర్లేదు. ఆ డాక్టరమ్మకి మాత్రం చెప్పు, బతికే ఉందని.

మీ బావ నీ ఉత్తరం చదివాడు. చదివి మడిచి లారీలో అద్దం వెనక పెట్టుకున్నాడు. కేసు వద్దన్నాడు. పళ్ళు కట్టించుకుని వచ్చి, నవ్వితే విజిలొస్తోందని తనే నవ్వుతున్నాడు.

నిన్న పిడుగుని చూసొచ్చాను. కటకటాల అవతల తలొంచుకుని కూర్చున్నాడు. తిట్టాలని వెళ్ళాను. "తిన్నావా?" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది, ఏం చెయ్యను? వాడు తలూపాడు. బెయిలుకి సంతకం పెట్టమన్నారు, పెట్టలేదు. బస్సులో ఇంటిదాకా ఏడ్చాను.

నువ్వు రావచ్చు, వచ్చే నెల. ముందు మీ బావ దగ్గరికి వెళ్ళి, ఆ తర్వాత నా దగ్గరికి రా.

ఎడిటరమ్మ సతాయిస్తోందన్నావు కదా, ఇవాళ పొద్దున అద్దం ముందు నిలబడి చూశాను. రాసుకో.

పద్నాలుగో రోజు, కుడి భుజం. చర్మం రంగు. ఏ చుక్కా కలపక్కర్లేదు.

అక్క